స్క్రీన్‌సేవర్ తరువాత తెర వెలగకపోతే, కీబోర్డు పలకకపోతే...

దేశ రాజధానిలో పాత రాజేంద్రనగర్, ముఖర్జీనగర్ గదుల్లో సివిల్స్‌కు చదువుకొనే తెలుగు విద్యార్థులకూ, నోయిడా, గురుగ్రామ్ సంస్థల్లో పనిచేసే ఉద్యోగులకూ, ప్రభుత్వ కార్యాలయాల్లో దస్త్రాలు నడిపే సిబ్బందికీ తరచుగా ఎదురయ్యే ఇబ్బంది ఒకటి ఉంది. దరఖాస్తు సగం నింపి టీ తాగడానికి వెళతారు. తిరిగి వచ్చేసరికి తెర నల్లగా ఉంటుంది. మౌస్ కదిపినా, మీటలు నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు. లేదా తెర వెలుగుతుంది గానీ, సంకేతపదం ఎన్నిసార్లు కొట్టినా తప్పు అనే వస్తుంది. ఓపిక నశించి పవర్ బటన్‌ను పది సెకన్లు అదిమి పట్టుకుంటారు. కంప్యూటర్ మళ్లీ మొదలవుతుంది. అంతవరకు చేసిన పని మాత్రం ఉండదు. అది గడువు చివరి రోజు అయితే నష్టం ఇంకా పెద్దది.

ఆ తరువాతి మజిలీ చాలామందికి నెహ్రూ ప్లేస్. కాల్కాజీ పక్కన, విశాలమైన నడవా చుట్టూ పాత బహుళ అంతస్తుల భవనాలతో ఉన్న ఈ కంప్యూటర్ బజారుకు మెట్రో వయొలెట్ మార్గం 2010 అక్టోబరులో చేరింది. అప్పటి నుంచి భుజాన ల్యాప్‌టాప్ సంచులతో స్టేషన్ దిగేవారి రద్దీ మరింత పెరిగింది. అక్కడ సమర్థులైన పనివారు ఎందరో ఉన్నారు. అయినా 'మదర్‌బోర్డు పోయింది' అనే తీర్పు వినడానికి ముందు తెలుసుకోవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. స్క్రీన్‌సేవర్ వచ్చిన తరువాత మొరాయించే కంప్యూటర్లలో చాలావాటిలో నిజంగా చెడిపోయింది ఏదీ ఉండదు. నిద్రలోకి జారిన భాగాల్లో ఏదో ఒకటి లేవకుండా ఉంటుంది, అంతే.

నిద్ర ఒకటి కాదు, నాలుగు

సామాన్య వినియోగదారుడి దృష్టిలో తెర నల్లబడటం ఒకే సంఘటన. కంప్యూటర్ లోపల మాత్రం అది నాలుగు వేర్వేరు సంఘటనలలో ఏదైనా కావచ్చు. మొదటిది స్క్రీన్‌సేవర్. అది కేవలం ఒక ప్రోగ్రాము. అది నడుస్తున్నంతసేపు కంప్యూటర్, మానిటర్ రెండూ పూర్తిగా మేలుకొనే ఉంటాయి. రెండవది మానిటర్ నిద్ర. కంప్యూటర్ చిత్ర సంకేతాన్ని పంపడం ఆపివేస్తే తెర తనంతట తాను ఆరిపోతుంది. ఇందుకు తగిన ప్రమాణాన్ని వీసా అనే పరిశ్రమ సంఘం 1993లో ప్రకటించింది. విదేశీ ప్రయాణ అనుమతికీ, ఈ వీసాకూ సంబంధం లేదు. ఇది తెరల తయారీ ప్రమాణాలను నిర్ణయించే సంఘం పేరు. మూడవది కంప్యూటర్ నిద్ర. ప్రాసెసర్ దాదాపు ఆగి, జ్ఞాపకశక్తికి మాత్రం కొద్దిపాటి విద్యుత్తు అందుతుంది. నాలుగవది కీబోర్డు నిద్ర. యూఎస్‌బీ ద్వారా కలిపిన పరికరాలకు విద్యుత్తును ఆదా చేసే పేరుతో ఆపరేటింగ్ సిస్టమ్ వాటిని జోకొడుతుంది.

ఈ నాలుగింటికీ నాలుగు వేర్వేరు గడియారాలు ఉంటాయి. పది నిమిషాలకు స్క్రీన్‌సేవర్, పదిహేనుకు మానిటర్, ముప్పైకి కంప్యూటర్ అన్నట్లు అమరిక ఉంటే, యజమాని ఏ నిమిషంలో తిరిగి వచ్చాడన్నదాన్ని బట్టి సమస్య రూపం మారిపోతుంది. ఒకరోజు ఇట్టే లేచిన యంత్రం మరొకరోజు లేవకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. స్క్రీన్‌సేవర్ వచ్చాక చెడిపోయిందని చెప్పేవారిలో అనేకుల విషయంలో స్క్రీన్‌సేవర్ అప్పటికే ముగిసిపోయి, దాని వెనుక వచ్చిన నిద్ర సరిగా ముగియక తెర నల్లబడి ఉంటుంది.

అసలు ఈ స్క్రీన్‌సేవర్ ఎందుకు పుట్టిందన్నది కూడా గమనించదగ్గదే. పాత గాజు గొట్టపు మానిటర్లలో తెర లోపలి వైపు భాస్వర పూత ఉండేది. ఒకే చిత్రం గంటల తరబడి నిలిచి ఉంటే ఆ భాగంలో పూత త్వరగా అరిగి, దాని నీడ శాశ్వతంగా అచ్చుపడిపోయేది. దీన్ని నివారించడానికి జాన్ సోచా అనే ప్రోగ్రామర్ రాసిన చిన్న ప్రోగ్రాము 1983 డిసెంబరులో సాఫ్ట్‌టాక్ పత్రికలో అచ్చయింది. మూడు నిమిషాలు మీటలు ఎవరూ తాకకపోతే తెరను నల్లగా మార్చడమే దాని పని. 1989లో బర్క్లీ సిస్టమ్స్ సంస్థ విడుదల చేసిన ఆఫ్టర్ డార్క్‌లో రెక్కలు తొడిగిన రొట్టె కాల్చే యంత్రాలు తెరపై ఎగరడంతో అది వినోదంగా మారింది. నేటి ఎల్‌సీడీ తెరలకు ఆ రక్షణ అవసరం దాదాపు లేదు. అయినా కార్యాలయాల్లో స్క్రీన్‌సేవర్ బతికి ఉండటానికి కారణం వేరు. కుర్చీ ఖాళీ అయిన వెంటనే యంత్రానికి తాళం వేసే కావలివాడి పాత్ర దానికి దక్కింది. ఇప్పుడు వచ్చే చిక్కుల్లో సగం ఆ తాళంతోనే.

ముందుగా చూడవలసింది ఒక చిన్న దీపం

తెర నల్లగా ఉన్నప్పుడు యంత్రం బతికి ఉందో లేదో తెలుసుకోవడానికి నిపుణులు వాడే పరీక్ష అతి సులభమైనది. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ మీటను ఒకసారి నొక్కాలి. దాని పక్కన దీపం వెలిగి, మళ్లీ నొక్కితే ఆరిపోతే కంప్యూటర్ మేలుకొనే ఉందని, కీబోర్డు మాట దానికి వినబడుతోందని అర్థం. ఎందుకంటే సాధారణంగా ఆ దీపాన్ని వెలిగించేది కీబోర్డు కాదు. మీట నొక్కిన వార్త కంప్యూటర్‌కు చేరి, అక్కడి నుంచి ఆజ్ఞ తిరిగి వస్తేనే దీపం వెలుగుతుంది. అటువంటప్పుడు తప్పు తెర వైపు ఉంది; పవర్ బటన్ అదమడం అనవసరంగా పనిని పోగొట్టుకోవడమే.

దీపం మారకపోతే అవకాశాలు రెండు. కీబోర్డు ఒక్కటే నిద్రలో ఉండవచ్చు, లేదా కంప్యూటర్ మొత్తమే బిగుసుకుపోయి ఉండవచ్చు. కీబోర్డు తీగను ఊడదీసి మరో రంధ్రంలో పెట్టి మళ్లీ అదే పరీక్ష చేస్తే ఆ సంగతి తేలిపోతుంది. దీపమే లేని కీబోర్డులు కూడా ఇప్పుడు వస్తున్నాయి. అక్కడ మరో కీబోర్డు అరువు తెచ్చుకోవడం ఉత్తమం.

పవర్ బటన్ విషయంలో ఒక తేడా తెలిసి ఉండాలి. ఒక్క క్షణం తాకి వదిలేయడం వేరు, అదిమి పట్టుకోవడం వేరు. యంత్రం నిజంగా నిద్రలో ఉంటే, అంటే ఫ్యాను శబ్దం ఆగి పవర్ దీపం నెమ్మదిగా మిణుకుమంటూ ఉంటే, ఒక్కసారి తాకితే లేస్తుంది. అదే యంత్రం మేలుకొని, తెర మాత్రమే ఆరి ఉన్నప్పుడు తాకితే ల్యాప్‌టాప్ నిద్రలోకి పోవచ్చు. బల్లమీది కంప్యూటర్ మూసివేత మొదలుపెట్టవచ్చు. అందువల్ల దీపాన్ని చూడకుండా బటన్ జోలికి పోకపోవడం మంచిది. అదిమి పట్టుకోవడం అన్ని దారులూ మూసుకుపోయిన తరువాత చేసే పని.

తెర వైపు తప్పు ఉంటే

మానిటర్ అంచున ఉండే చిన్న దీపం రంగు చాలా విషయాలు చెబుతుంది. నీలం, తెలుపు లేదా ఆకుపచ్చ అయితే తెరకు సంకేతం అందుతోంది. నారింజ రంగు అయితే, లేదా అది మిణుకుమంటూ ఉంటే, సంకేతం అందక మానిటర్ నిద్రపోతోంది. మొత్తానికే ఆరిపోతే విద్యుత్తు అందడం లేదు.

ఢిల్లీ పరిసరాల్లో ఇక్కడొక ప్రత్యేకమైన చిక్కు ఉంది. సీపీయూను యూపీఎస్‌కు, మానిటర్‌ను గోడ సాకెట్‌కు కలిపే అలవాటు ఇళ్లలోనూ, చిన్న కార్యాలయాల్లోనూ కనిపిస్తుంది. వేసవిలో కరెంటు ఒక్క క్షణం పోయి వస్తే కంప్యూటర్ అలాగే నడుస్తుంది, మానిటర్ మాత్రం ఆరి మళ్లీ మొదలవుతుంది. అప్పుడది పాత కేబుల్ కోసం కాక వేరే ద్వారం వైపు చూస్తూ కూర్చోవచ్చు. మానిటర్ కింది బటన్లతో సంకేత ద్వారాన్ని మళ్లీ ఎంచుకుంటే చిత్రం వస్తుంది. ఇంత చిన్న కారణానికి మెట్రో ఎక్కిన వాళ్లు తక్కువేమీ కాదు.

డిస్‌ప్లేపోర్ట్ కేబుల్ వాడేచోట మరో సంగతి. మానిటర్ గాఢనిద్రలోకి పోగానే కొన్ని జతలలో కంప్యూటర్ దానిని ఊడదీసినట్లే భావిస్తుంది. తెరిచి ఉన్న కిటికీలన్నిటినీ మరో తెరకు తరలిస్తుంది. మరో తెర లేకపోతే ఎటూ చిత్రం పంపదు. కేబుల్‌ను ఒకసారి తీసి పెట్టడం, మానిటర్‌ను దాని స్విచ్ దగ్గర ఆపి పదిహేను సెకన్ల తరువాత వేయడం ఇక్కడ పనిచేస్తాయి. మానిటర్ సెట్టింగుల్లో గాఢనిద్ర సదుపాయం ఉంటే దానిని ఆపివేయడం మరింత మేలు.

వాయు కాలుష్యం తీవ్రమై 2024 నవంబరు 20న ఢిల్లీ ప్రభుత్వం తన ఉద్యోగుల్లో సగం మందిని ఇంటి నుంచి పనిచేయమన్నప్పుడు, అంతకు ముందు కోవిడ్ కాలంలోనూ, ఎన్నో ఇళ్లలో కార్యాలయపు ల్యాప్‌టాప్‌లు బల్లమీది మానిటర్లకో, గోడమీది టీవీలకో తగిలాయి. ల్యాప్‌టాప్ మూత మూసి బయటి తెర మీద పనిచేసేవారికి విరామం తరువాత నల్లతెర కనిపిస్తే ముందుగా మూత తెరిచి చూడాలి. చిత్రం లోపలి తెర మీద ఉండవచ్చు. టీవీని రిమోటుతో ఆపివేసినా, కేబుల్ తగిలి ఉన్నంతవరకు కంప్యూటర్ దానినే రెండవ తెరగా లెక్కించి సంకేతపదం అడిగే గడిని అటు పంపే అవకాశం కూడా ఉంది.

ఇవేవీ కాకుండా, క్యాప్స్ లాక్ దీపం సక్రమంగా మారుతున్నా తెర చీకటిగానే ఉంటే అనుమానం చిత్రాన్ని నడిపే డ్రైవర్ మీదికి పోతుంది. విండోస్ 10, 11లలో విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్ మూడింటినీ పట్టుకొని 'బీ' అక్షరం నొక్కితే ఆ డ్రైవర్ ఒక్కటే మళ్లీ మొదలవుతుంది. చిన్న శబ్దం వచ్చి తెర ఒకసారి మెరుస్తుంది. తెరిచి ఉన్న పనికి నష్టం ఏదీ ఉండదు. దానికీ లొంగకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కాలి. ఈ మూడు మీటల పిలుపు మరే ప్రోగ్రాముకూ చిక్కకుండా నేరుగా విండోస్ గర్భగుడికే చేరుతుంది కనుక, స్క్రీన్‌సేవర్ ప్రోగ్రాము మధ్యలో చిక్కుబడి ఉన్నా దానిని దాటుకొని పోగలదు. మాటిమాటికీ ఇదే జరుగుతుంటే కదిలే బొమ్మల స్క్రీన్‌సేవర్‌ను తీసివేసి, డ్రైవర్‌ను తయారీదారు నుంచి తాజాగా పెట్టుకోవాలి. త్రిమితీయ బొమ్మల స్క్రీన్‌సేవర్లు చిత్ర ప్రాసెసర్‌కు పని చెబుతాయి. అంటే విశ్రాంతి వేళలో యంత్రం ఎక్కువ శ్రమ పడుతుందన్నమాట.

ల్యాప్‌టాప్ తెర మీద టార్చి వెలుగు ఏటవాలుగా వేసినప్పుడు లోపల అక్షరాలు మసకగా కనిపిస్తే తెర వెనుక దీపం పోయింది. అప్పుడు మాత్రం నెహ్రూ ప్లేస్ ప్రయాణం తప్పదు.

కీబోర్డు మౌనానికి కారణాలు

మౌస్ కదులుతూ కీబోర్డు మాత్రం పలకకపోతే మొదటి అనుమానం యూఎస్‌బీ పొదుపు మీదే. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, కీబోర్డు గుణాల్లో పవర్ మేనేజ్‌మెంట్ పేజీలో ఈ పరికరం కంప్యూటర్‌ను మేల్కొలపవచ్చు అనే అనుమతి ఉందో లేదో చూడాలి. యూఎస్‌బీ హబ్ గుణాల్లో విద్యుత్ పొదుపు కోసం పరికరాన్ని ఆపివేసే అనుమతి ఉంటే దానిని తొలగించాలి. హబ్ ద్వారా కాకుండా కీబోర్డును నేరుగా సీపీయూ వెనుక రంధ్రానికి కలపడం చాలాచోట్ల సమస్యను అక్కడితో తీరుస్తుంది.

తీగలేని కీబోర్డు అయితే బ్యాటరీ సంగతి అందరికీ తెలిసిందే. తక్కువ మందికి తెలిసింది మరొకటి ఉంది. ఈ కీబోర్డులు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద మాట్లాడతాయి. యూఎస్‌బీ 3.0 రంధ్రాలు, వాటికి తగిలించిన హార్డ్‌డిస్కులు అదే శ్రేణిలో రేడియో రొద పుట్టిస్తాయని ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక పత్రంలో వివరించింది. కీబోర్డు రిసీవర్‌ను లోపల నీలి రంగు ఉండే ఆ రంధ్రాల పక్క నుంచి తీసి దూరంగా పెడితే ఎన్నో మూగ కీబోర్డులకు మాట వస్తుంది.

మరో వింత లక్షణం. తాళం తీసిన తరువాత 'ఈ' కొడితే ఫైళ్ల కిటికీ తెరుచుకుంటుంది, 'ఎల్' కొడితే మళ్లీ తాళం పడుతుంది. ఎవరో దొంగచాటుగా కంప్యూటర్‌ను నడుపుతున్నారన్న భయం కలుగుతుంది. జరిగింది ఇది: విండోస్ మీట, 'ఎల్' కలిపి నొక్కి తాళం వేసినప్పుడు ఆ మీటను వదిలిన వార్త పాత తెరకు చేరకముందే తాళపు తెర వచ్చేసింది. మీట ఇంకా నొక్కే ఉందని యంత్రం నమ్ముతోంది. కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, విండోస్ మీటలను రెండు వైపులా ఒక్కొక్కసారి నొక్కి వదిలితే ఆ భ్రమ తొలగిపోతుంది. నిజంగానే మీట ఇరుక్కొని ఉండటమూ జరుగుతుంది. మే, జూన్ నెలల్లో ఢిల్లీని కమ్మే దుమ్ము గాలులకు తెరిచిన కిటికీ పక్కన ఉన్న కీబోర్డు తట్టుకోలేదు. మీద ఒలికిన తీపి టీ సంగతి చెప్పనవసరం లేదు.

కుడివైపు షిఫ్ట్ మీటను ఎనిమిది సెకన్లు అదిమి ఉంచితే ఫిల్టర్ కీస్ అనే సదుపాయం మొదలవుతుంది. చేతులు వణికేవారి కోసం ఏర్పరచిన మేలైన సదుపాయం అది. త్వరత్వరగా పడిన మీటలను అది లెక్కలోకి తీసుకోదు. తెర లేవలేదన్న విసుగుతో షిఫ్ట్‌ను గట్టిగా పట్టుకున్న మనిషి, తనకు తెలియకుండానే దానిని పిలిచి, ఆపై కీబోర్డు చచ్చిపోయిందని అనుకుంటాడు. తాళపు తెర మీద కుడివైపు కింద కనిపించే సౌలభ్య చిహ్నాన్ని నొక్కి దానిని ఆపవచ్చు. అక్కడే తెరమీది కీబోర్డు కూడా దొరుకుతుంది. మౌస్‌తో అక్షరాలు ఏరుకొని సంకేతపదం పూర్తి చేయవచ్చు.

తెలుగు వాడేవారికి వేరే గండం

తెలుగు టైపు చేసేవారికి ప్రత్యేకంగా ఎదురయ్యే సమస్య మాత్రం కొంత విడమరచి చెప్పవలసినది. భారతీయ భాషలన్నిటికీ ఒకే అమరిక ఉండాలనే ఉద్దేశంతో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డును ప్రమాణీకరించింది. రెండేళ్లకు దానిని సవరించారు. ఈ అమరికలో ఆంగ్లపు 'కె' ఉన్నచోట 'క' రావడం యాదృచ్ఛికమే. 'హెచ్' నొక్కితే 'ప', 'ఎల్' నొక్కితే 'త', 'సీ' నొక్కితే 'మ', 'ఐ' నొక్కితే 'గ' వస్తాయి.

ఇప్పుడొక ఉద్యోగి తెలుగులో లేఖ రాస్తూ మధ్యలో లేచాడనుకుందాం. స్క్రీన్‌సేవర్ వచ్చి తాళం పడింది. తిరిగి వచ్చి ఆంగ్లాక్షరాల సంకేతపదం కొడుతున్నాడు. కీబోర్డు అమరిక తెలుగులోనే నిలిచి ఉంటే లోపలికి పోతున్నవి తెలుగు అక్షరాలు. గడిలో కనిపించేవి మాత్రం నల్లటి చుక్కలు. తాను కొట్టింది 'డెల్హీ' అని అతని నమ్మకం. యంత్రానికి అందినది ఒక హల్లు గుర్తు, ఒక దీర్ఘం, ఆపై 'తపగ'. సంకేతపదం తప్పు అని యంత్రం చెప్పడంలో అబద్ధం లేదు, తాను సరిగానే కొట్టానని మనిషి అనడంలోనూ అబద్ధం లేదు. నాలుగైదు ప్రయత్నాల తరువాత కార్యాలయపు ఖాతా తాత్కాలికంగా స్తంభించిపోయి, సాంకేతిక విభాగానికి ఫోను చేయక తప్పని స్థితి వస్తుంది.

పరిష్కారం క్షణంలో పని. తాళపు తెర మీద కుడివైపు కింద భాష గుర్తు ఉంటుంది. దానిని నొక్కి గానీ, విండోస్ మీట పట్టుకొని స్పేస్ బార్ నొక్కి గానీ ఆంగ్లానికి మార్చుకోవాలి. గడి చివర ఉండే కన్ను బొమ్మను నొక్కిపట్టుకుంటే చుక్కల వెనుక అక్షరాలు కనిపిస్తాయి. పక్కన ఎవరూ లేనప్పుడు ఒకసారి చూసుకోవడంలో తప్పు లేదు. ఇంట్లో ఒకే కంప్యూటర్‌ను తల్లిదండ్రులు తెలుగులోనూ, పిల్లలు ఆంగ్లంలోనూ వాడుతుంటే ఈ చిక్కు వారానికోసారి వచ్చినా ఆశ్చర్యపోనక్కరలేదు. తెలుగు సాఫ్ట్‌వేర్ అమరికల తయారీదారులు సంకేతపదాల గడి దగ్గర భాష పేరును పెద్ద అక్షరాలతో చూపే ఏర్పాటు ఇంతకాలంగా చేయకపోవడం లోపమే.

న్యూమ్ లాక్ కూడా ఇలాంటి పనే చేస్తుంది. నిద్ర లేచిన తరువాత కొన్ని యంత్రాలలో అది ఆరిపోయి ఉంటుంది. కుడివైపు అంకెల పలక మీద నాలుగంకెల పిన్ కొట్టే గుమాస్తాకు గడి ఖాళీగానే కనిపిస్తుంది.

లినక్స్ వాడేవారి విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. తెర చిక్కుబడితే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి అక్షరాల తెరకు వెళ్లి, ఎఫ్1 గానీ ఎఫ్2 గానీ వాడి వెనక్కి రావచ్చు. ఇక్కడ ఒక ముచ్చట. 2021 జనవరిలో లినక్స్ మింట్ స్క్రీన్‌సేవర్‌లో ఒక లోపం వెలుగు చూసింది. తండ్రి పక్కన నిలబడి చూస్తుండగా పిల్లలిద్దరు అసలు కీబోర్డునూ, తెరమీది కీబోర్డునూ ఎడాపెడా నొక్కి ఆడుకున్నారు. స్క్రీన్‌సేవర్ కూలిపోయి తాళం తెరుచుకుంది. తెరమీది కీబోర్డులో ఒక దీర్ఘాచ్చు మీట నొక్కితే ప్రోగ్రాము ఆగిపోతోందని తేలింది. ఆ సంస్థ వెంటనే సవరణ విడుదల చేసింది. తాళం వేసే ప్రోగ్రాములను కూడా నవీకరిస్తూ ఉండాలని చెప్పే సందర్భాల్లో నిపుణులు ఇప్పటికీ ఈ ఉదంతాన్ని గుర్తు చేస్తుంటారు.

తెర నిండా ఫోను నంబరు కనిపిస్తే

కీబోర్డు పనిచేయకపోవడం, తెర కదలకపోవడం అన్నవి యంత్రదోషం కాకుండా మోసం కావడానికి కూడా అవకాశం ఉంది. ఎన్‌సీఆర్‌లో నివసించేవారికి ఇది పొరుగింటి వార్త. బ్రౌజరులో తెరిచిన ఒక పేజీ తెర మొత్తాన్ని ఆక్రమించి, కంప్యూటర్‌కు వైరస్ సోకిందని, తాళం పడిందని, వెంటనే ఫలానా నంబరుకు ఫోను చేయాలని గద్దిస్తుంది. మీటలు పనిచేయనట్లు నటిస్తుంది. ఫోను ఎత్తే మనిషి యంత్రాన్ని దూరం నుంచి నడిపే సాఫ్ట్‌వేర్ పెట్టించుకొని డబ్బు వసూలు చేస్తాడు. మైక్రోసాఫ్ట్ సిబ్బందిగా నటిస్తూ ఇటువంటి దందా నడుపుతున్న 16 కాల్ సెంటర్లపై గురుగ్రామ్, నోయిడా పోలీసులు 2018 నవంబరులో దాడులు చేశారు. అంతకు ముందు నెలలో ఢిల్లీ పోలీసులు పది కేంద్రాలను మూయించారు. 2023 అక్టోబరులో సీబీఐ ఆపరేషన్ చక్ర–2 పేరిట దేశంలో 76 చోట్ల సోదాలు జరిపింది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ సంస్థల ఫిర్యాదులు కూడా అందుకు ఆధారమయ్యాయి.

నిజమైన తాళపు తెరకూ, ఈ నకిలీ తెరకూ తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఎన్నడూ ఫోను నంబరు ఇవ్వదు. అటువంటి పేజీ ఎదురైతే ఎస్కేప్ మీటను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. పోకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ నుంచి బ్రౌజరును మూసివేయాలి. మళ్లీ తెరిచినప్పుడు పాత పేజీలను తిరిగి తేవాలా అన్న ప్రశ్నకు వద్దనే చెప్పాలి. ఇప్పటికే డబ్బు చెల్లించినవారు ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. ఎంత త్వరగా చెబితే బ్యాంకు దగ్గర ఆ సొమ్మును ఆపే అవకాశం అంత ఎక్కువ.

దుకాణానికి తీసుకుపోయే ముందు

పై ప్రయత్నాలేవీ ఫలించకపోతే పవర్ బటన్ అదిమి ఆపడం తప్పదు. ఆపిన తరువాత తీగలన్నీ తీసి, ల్యాప్‌టాప్ అయితే చార్జరు కూడా తీసి, బటన్‌ను ముప్పై సెకన్లు నొక్కి ఉంచితే లోపల మిగిలిన విద్యుదావేశం పోతుంది. ఇలా చేసిన తరువాత మామూలుగా లేచిన యంత్రాన్ని వెంటనే బాగుపడినట్లు లెక్కించకూడదు. స్క్రీన్‌సేవర్ వద్దని, మానిటర్ మాత్రం పది నిమిషాలకు ఆరాలని, కంప్యూటర్ నిద్ర ఎప్పటికీ వద్దని రెండు రోజుల పాటు అమర్చి చూడాలి. ఆ రెండు రోజులూ సమస్య రాకపోతే ఒక్కొక్క నిద్రనూ ఒక్కొక్క రోజు చొప్పున తిరిగి చేర్చాలి. ఏ రోజు యంత్రం మొరాయించిందో, లేవని భాగం ఏదో ఆ రోజే బయటపడుతుంది. తాళం కోసం స్క్రీన్‌సేవర్ మీద ఆధారపడేవారు ఈ రోజుల్లో కుర్చీ వదిలేటప్పుడు విండోస్ మీట, 'ఎల్' నొక్కడం మరిచిపోకూడదు.

అప్పటికీ దుకాణానికి వెళ్లక తప్పకపోతే రెండు జాగ్రత్తలు అవసరం. క్యాప్స్ లాక్ దీపం మారిందా, మానిటర్ దీపం ఏ రంగులో ఉంది, వేరే కీబోర్డు పనిచేసిందా అన్న మూడు సంగతులు కాగితం మీద రాసుకొని పోవాలి. బల్ల దగ్గర నిలబడిన పనివాడికి వీటితో సగం వెతుకులాట తగ్గుతుంది. అవసరం లేని భాగాలు మార్చే అవకాశమూ తగ్గుతుంది. రెండవది మరింత ముఖ్యం. విండోస్ 11తో వచ్చే అనేక ల్యాప్‌టాప్‌లలో హార్డ్‌డిస్క్ గుప్తీకరణ ముందే అమలులో ఉంటుంది. మదర్‌బోర్డు మార్చినా, ఒక్కొక్కసారి మూల అమరికలను మొదటికి తెచ్చినా, కంప్యూటర్ 48 అంకెల పునరుద్ధరణ సంఖ్య అడుగుతుంది. అది లేకపోతే యంత్రం బాగుపడి ఇంటికి వచ్చినా లోపలి ఫైళ్లు తెరుచుకోవు. ఆ సంఖ్య సాధారణంగా యజమాని మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రపడి ఉంటుంది. ఫోను నుంచి ఆ ఖాతాలోకి ప్రవేశించి, సంఖ్యను కాగితం మీద రాసుకొని, ల్యాప్‌టాప్ సంచిలో కాకుండా వేరేచోట దాచుకొని బయలుదేరాలి.